మార్టేరు పాలిటెక్నిక్ డెల్టా పాఠశాల కావలెను

గోదావరి డెల్టాకు ఆధునిక వ్యవసాయ శాస్త్రమును తోడ్కొని వచ్చినది ఒక చెరకు తెగులు. పందొమ్మిదవ శతాబ్దము ముగియు దినములలో ఈ సీమలోని చెరకుతోటలను ఎర్రకుళ్ళు పట్టి పీల్చివేయగా, తరతరములుగా నమ్ముకొన్న రకములు కన్నులయెదుటనే ఎండి, చీల్చిన గడలు పులిసిన వాసన కొట్టగా, రైతులు దిక్కుతోచక ఉన్న సమయమున, మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆల్ఫ్రెడ్ బార్బర్ పర్యవేక్షణలో 1902లో సామర్లకోటయందు చెరకు ప్రయోగక్షేత్రమొకటి వెలసినది. ఆ కృషి 1913లో అనకాపల్లికి తరలిపోయినది. అంతకు ఒక్క యేడు ముందు, 1912లో, బార్బర్ కోయంబత్తూరున చెరకు సంకరణమునకు పూనుకొనెను. భారతదేశపు చెరకు సేద్యమును సమూలముగ మార్చిన ఆ మహోద్యమమునకు తగిన అనుభవము ఆయనకు మన సామర్లకోట పొలములలో లభించినదని మనవారిలో ఎందరికి తెలియును? తెగులు ఎక్కడ ఉన్నదో శాస్త్రము అక్కడికి నడచివచ్చినది. రైతు చేనిగట్టుననే తన ప్రశ్నను విని, సమాధానమును ఆ గట్టుమీదనే వెదకినది.

ఆ సంప్రదాయమునకు వరి విషయమున వారసత్వము వహించినది పశ్చిమ గోదావరిలో పెనుగొండ సమీపమున ఉన్న మార్టేరు. అచట 1925లో నెలకొన్న వరి పరిశోధన కేంద్రమునకు నూరేండ్లు నిండినవి. వాసిష్ఠ, మసూరి రకముల సంకరమున జనించి 1982లో విడుదలయైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, మన సార్వా, అనగా ఖరీఫు, పొలములను నింపుటయే గాక ఒడిశా, వంగదేశము, బీహారు, అస్సాము రైతుల గాదెలను సైతము నింపినది. పిమ్మట సుడిదోమ తాకిడికి కొంత ఓర్చుకొను విజేత వచ్చినది, కాటన్ దొర సన్నాలు వచ్చినది. ధవళేశ్వరమున 1847లో పని ప్రారంభించి 1852 నాటికి ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్ పేరు ఒక ధాన్యపుగింజకు పెట్టుకొన్న ప్రజ ఈ లోకమున మరొకటి ఉన్నదో లేదో! కాటన్ నీటిని తెచ్చెను. మార్టేరు ఆ నీటికి తగిన విత్తనమును తెచ్చినది. నీటికిని విత్తనమునకును నడుమ నిలిచి, ఈ రెంటిని రైతు చేతికి అందింపగల మనుష్యుని తయారుచేయుట అను మూడవ కార్యమును గూర్చియే నేను ఈ వ్యాసమున ప్రస్తావింపదలచితిని.

అట్టి మనుష్యుని తయారుచేయుటకు ఉద్దేశింపబడిన విద్యాలయము మార్టేరులోనే కలదు. అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి వ్యవసాయ పాలిటెక్నిక్. పదవ తరగతి ఉత్తీర్ణులైన బాలబాలికలు అందు చేరి రెండేండ్లు చదివి వ్యవసాయ డిప్లొమా పొందుదురు. పల్లెటూరి బడిలో చదివినవారికే ఈ చదువు అను నియమము చిరకాలముగా ఉన్నందున ఇందు చేరువారిలో అధికులు సన్నకారు రైతుల బిడ్డలు, కౌలుదారుల బిడ్డలు, కూలి జనుల బిడ్డలు. నారుమడి అన్ననేమో, బోదె అన్ననేమో, పన అన్ననేమో వారికి ఎవరును చెప్పవలసిన పని లేదు. ఇంతటి సహజ సంస్కారముతో వచ్చు విద్యార్థులు మరి యే సాంకేతిక విద్యాలయమునకును లభింపరు. అయినను ఈ పాఠశాలను గూర్చి మన పత్రికలలో చర్చ లేదు, మన శాసనసభ్యుల ప్రసంగములలో ప్రసక్తి లేదు, ఊరివారిలో సైతము “అబ్బాయికి బి.యస్సీ. సీటు రాలేదు కాబోలు” అను జాలిమాట తప్ప గౌరవము లేదు. ఈ జాలియే నన్ను మిక్కిలి బాధించుచున్నది.

ఒక్కసారి వెనుకకు చూతము. మద్రాసు రాష్ట్రమున వ్యవసాయ విద్య 1868లో సైదాపేటలో ఒక చిన్న పాఠశాలగ మొదలైనది. 1906లో కోయంబత్తూరునకు మారి కళాశాలయైనది. తెలుగు బిడ్డ సేద్యపు చదువు చదువదలచిన యెడల పరభాషా ప్రాంతమునకు రైలెక్కవలసినదే. 1945లో బాపట్లలో కళాశాల ఏర్పడువరకు ఆ దూరము తగ్గలేదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము అవతరించినది. దాని తొలినాళ్ళ నిర్మాణమున అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు చేయూతనిచ్చిరి. వారి వెనుక ఉన్న భావము అబ్రహాం లింకన్ 1862లో సంతకము చేసిన శాసనమునాటిది: ప్రభుత్వ భూమిని విద్యకు దానముచేసి, దానిని అమ్మిన ధనముతో వ్యవసాయమును యంత్రవిద్యను సామాన్యుని బిడ్డకు నేర్పవలెనని. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు అంగములు ఒకే దేహమున ఉండవలెనను సూత్రము ఆ మార్గముననే మనకు లభించినది. అందు బోధన పెరిగినది, పరిశోధన ప్రకాశించినది. విస్తరణ మాత్రము ఎప్పటికప్పుడు పేరు మార్చుకొనుచు వచ్చినది.

స్వాతంత్ర్యానంతరము 1952లో సమాజ వికాస పథకములు ప్రారంభమైనప్పుడు గ్రామసేవకుడను ఉద్యోగి పల్లెలలో ప్రత్యక్షమయ్యెను. వారికి శిక్షణ నొసగిన కేంద్రములలో ఒకటి మన సామర్లకోటలోనే ఉండెను. క్రమముగా ఆ గ్రామసేవకునిపై ఇండ్ల లెక్క, అప్పుల లెక్క, పథకముల లెక్క పడి, పొలమునకు పోవు తీరిక మిగులలేదు. 2019లో గ్రామ వ్యవసాయ సహాయకులను నియమించి, 2020లో రైతు భరోసా కేంద్రములను తెరచి, పదివేలకు పైబడిన కేంద్రములను ఊరూర నెలకొల్పినప్పుడు నేను నిజముగ సంతోషించితిని. డిప్లొమా చదివినవారికి తమ చదువునకు సరిపోవు కొలువు ఊరిలోనే లభించిన సందర్భము అది. నేడు వానికి రైతు సేవా కేంద్రములని పేరు. పేరు ఏదైన నేమి? ఆ సహాయకుడు ఉదయము ఈ-పంట నమోదుతో మొదలిడి, ఎరువుల బస్తాల లెక్క, ధాన్యపు కొనుగోలు పత్రములు, పైఅధికారుల దూరదృశ్య సమావేశములు ముగించుకొనునప్పటికి ప్రొద్దు గుంకుచున్నది. 1950లలో గ్రామసేవకునకు ఏమి జరిగినదో, ఇతనికిని అదియే జరుగుచున్నది.

కాగితముల పని కూడదని నేను అనుట లేదు; కాగితము లేనిదే కౌలుదారునకు పంట బీమా లేదు. అయినను పొలమున అతడు ఉండవలసిన గడియ యేదో ఒక ఉదాహరణము చెప్పెదను. సార్వా వరి పొట్టదశలో ఉన్నది. ఆశ్వయుజపు ముసురు పట్టినది. ఆకు పచ్చగ కళకళలాడుచున్నది. గట్టుమీద నిలిచిన వానికి అంతయు క్షేమముగనే కనబడును. చేనిలోనికి దిగి, దుబ్బును రెండు చేతులతో ప్రక్కకు వంచి, నీటి మట్టమునకు రెండంగుళముల పైన మొదలువద్ద పరికించిననే గాని గోధుమ వన్నె సుడిదోమలు కానరావు. దుబ్బునకు పది, పదునైదు వరకు ఉన్నవా, పాతిక దాటినవా అను లెక్కపైననే మందు కొట్టవలెనా, ఆగవలెనా అను నిర్ణయము ఆధారపడియున్నది. ముందు నీటిని తీసివేసి పొలమును ఆరగట్టవలెను. ఊడ్పులనాడే ప్రతి రెండు మీటర్లకు ఇరువది సెంటీమీటర్ల వెడల్పున తూర్పుపడమరలుగ కాలిబాటలు వదలియుండిన యెడల గాలి, వెలుతురు ప్రవేశించి దోమ ఉధృతి తగ్గును. ఈ మాటలన్నియు మార్టేరు శాస్త్రజ్ఞులు ఏటేట చెప్పుచునే ఉన్నారు. అయినను దోమపోటు వచ్చి చేను సుడులు సుడులుగ మాడినప్పుడు కౌలురైతు పరుగెత్తునది ఎక్కడికి? మందుల కొట్టునకు. “దోమ పడిందండి, ఏదైనా మంచి మందు ఇవ్వండి” అని అడుగును. అరువు ఇచ్చువాడు ఇచ్చినదే మందు. రెండు మూడు మందులు కలిపి పైపైన ఆకులమీద చల్లి వచ్చును. మొదలునకు ఒక్క చుక్క చేరదు. దోమను తిను సాలెపురుగులు మాత్రము చచ్చును. వారము తిరుగకమునుపే దోమ రెట్టింపగును. శాస్త్రవేత్తకును ఈ కౌలురైతునకును మధ్య ఆ దుబ్బును వంచి చూపువాడు ఒకడు కావలెను. ఆ ఒక్కని కొరకే పాలిటెక్నిక్ ఉన్నది.

అట్లే కోతలనాటి తుపాను. పనలు చేలో ఉండగ వాన కురిసిన యెడల గింజ మొలకెత్తకుండ ఐదు శాతము ఉప్పునీరు, అనగా ఇరువది లీటర్లకు కిలో ఉప్పు కలిపి చల్లవలెనను ఉపాయము తెలిసిన రైతులు కలరు, తెలియనివారును కలరు. తెలిసినను ఏ దినమున, ఎంత నీరు దిగిన పిమ్మట, ఏ పనలకు అను వివేకము ఆ పూటనే కావలెను. మూడునాళ్ళ తరువాత అందు సలహా వలన ప్రయోజనము లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ధాటికి తడిసిన ధాన్యమును రహదారుల వెంబడి ఆరబోసికొని, పదునేడు శాతము తేమ దాటిన కొనరేమోయని తేమ యంత్రము వంక బిక్కచూపులు చూచుచు కూర్చున్న కుటుంబములను ఈ ప్రాంతమున చూడనివారు లేరు.

అయితే ఈ పాలిటెక్నిక్ తన నేలకు తగిన చదువును చెప్పుచున్నదా? ఇచటనే నా విన్నపము మొదలగుచున్నది. అనంతపురము వద్ద రెడ్డిపల్లిలోను ఇట్టి పాలిటెక్నిక్ ఒకటి కలదు. అచటి బాలునకు వేరుసెనగ, వానచుక్క, కరవు జీవన్మరణ సమస్యలు. ఇచటి బాలునకు నీరు ఎక్కువై పోవుట, పోయిన నీరు తిరిగి ఎగదన్నుట, ఉప్పు ఊరుట సమస్యలు. ఒకే విశ్వవిద్యాలయము ఒకే డిప్లొమాను ఇచ్చుట న్యాయమే. నేల, విత్తనము, పురుగు, తెగులు, పశువు అను మూలపాఠములు ఎచటనైన ఒక్కటే. కాని రెండవ యేడు సగభాగమైనను ఆ యా ప్రాంతపు కష్టమునకు కేటాయింపనిదే ఆ చదువునకు ఊరి వాసన అబ్బదు. సామర్లకోట క్షేత్రము పుట్టినది ఇచటి తెగులు కొరకు గదా!

డెల్టా కష్టమునకు ముఖ్యస్థానము మురుగు కాలువ. సాగునీటి కాలువను గూర్చి పాటలు కట్టినాము, ఆనకట్ట కట్టినవానికి ఊరూర విగ్రహములు నిలిపినాము. మురుగునీటి డ్రెయినును మాత్రము ఎవరును పట్టించుకొనరు. పైనుండి దిగిన నీరు క్రిందికి పోయి సముద్రమును చేరనిదే డెల్టా బ్రదుకదు. గుర్రపుడెక్క దట్టముగ అల్లుకొని, పూడిక పేరి, ముఖద్వారమున ఇసుక మేట వేసి, పౌర్ణమి అమావాస్యల పోటునకు ఉప్పునీరు ఎగదన్నగ, నాట్లు వేసిన పక్షము దినములకే చేలు మునిగి నారు కుళ్ళుట ఏటేట జరుగు వ్యవహారమైనది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు వేలకొలది ఎకరములను బీడుపెట్టి పంట విరామము ప్రకటించినప్పుడు దేశమంతయు విస్తుపోయినది; అన్నపూర్ణ యని పేరుగాంచిన సీమ పంట వేయనని భీష్మించుటయా యని. గిట్టుబాటు ధర లేకపోవుట, కూలీల కొరత ఆ నిర్ణయమునకు కారణములే. వానితో సమానముగ మురుగు పోని చేలును కారణము. ప్రభుత్వము విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి మోహన్ కందా నాయకత్వమున సంఘమును వేసినది. నివేదికలు వచ్చినవి. మార్టేరు విద్యార్థి ఒక్కడైనను యనమదుర్రు డ్రెయిను గట్టున నడచి, ఏ తూము ఎంత లోతున ఉన్నది, ఏ ఊరి చేలు ఏ మట్టమున ఉన్నవి, వానపడిన ఎన్ని గంటలకు నీరు తీయుచున్నది అని స్వయముగ కొలిచి వ్రాసికొనవలెనని నా కోరిక. సర్వే గొలుసు పట్టుట, నేలమట్టము చూచుట వానికి రావలెను. కాలువల లస్కరుతో మాటలాడుట రావలెను.

మురుగు తరువాత రొయ్యల చెరువు. భీమవరము, ఉండి, మొగల్తూరు ప్రాంతముల వరిచేల నడుమ చెరువులు త్రవ్వినందున సంపద పెరిగినమాట యథార్థము. గట్టు ఆవలి రైతు చేలోనికి ఉప్పు ఊటగ దిగినమాటయు యథార్థమే. ఈ రెంటిని తూచి చూచు శాస్త్రీయమైన కన్ను ఊరిలో లేనందున వివాదము రచ్చబండకును, పోలీసు స్టేషనుకును పోవుచున్నది. నేల చౌడును, నీటి ఉప్పదనమును కొలుచు చిన్న పరికరము చేతబట్టి ఇరువురకు నచ్చచెప్పగల యువతి ఒకతె ప్రతి ఊర ఉన్న యెడల ఎంత మేలు!

యంత్రముల విషయమున నాకు మరింత ఆవేదన కలదు. పాలిటెక్నిక్ అను పేరు పెట్టుకొన్న విద్యాలయమున చేతిపని ప్రధానముగ ఉండవలెను. నేడు డెల్టాలో ఊడ్పుల ముఠాలు దొరకుట కష్టమై, వెదజల్లు పద్ధతి, డ్రమ్ సీడరు, నాటు యంత్రము క్రమముగ వ్యాపించుచున్నవి. కోత సంపూర్ణముగ యంత్రముల వశమైనది. బురదచేలలో దిగు చైను మిషను సరిగ కోతల మధ్యలో చెడిపోయిన యెడల మరమ్మతునకు మనిషి కావలెనన్న రెండు దినములు ఎదురుచూపు తప్పదు. ఆ రెండు దినములలో వాన వచ్చిన పంట పోవును. ఈ విద్య నేర్చిన డిప్లొమాదారునకు ఎవరి దయాదాక్షిణ్యములు అక్కరలేదు. అద్దె యంత్రముల కేంద్రము తానే నడుపుకొనగలడు. కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో 1901లో ఇట్టి చిన్న పాలిటెక్నిక్ పాఠశాలయే స్థాపింపబడినది. చేసి నేర్చుకొనుము అను సూత్రమును పట్టుకొని, విద్యార్థులచేతనే పైరు పెట్టించి, పశువులను పెంచించి, అమ్మించి, లాభములో భాగమిచ్చుచు పెరిగి అది నేడు పేరెన్నికగన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనది. దాని తొలిరూపము మన మార్టేరు పాఠశాలకన్న గొప్పదేమియు కాదు. మన విద్యార్థులకు ఎకరము పొలము అప్పగించి, విత్తనోత్పత్తి చేయించి, నూరు గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి మొలక పరీక్షించి, ఎనుబదికి తగ్గనిచోనే సంచిపై తమ బడి పేరు వేసి అమ్మనిచ్చినచో, వారికి చదువు, సంపాదన, పూచీ మూడును ఒక్కసారే అబ్బును.

కౌలురైతును గూర్చి ప్రత్యేకముగ చెప్పక తప్పదు. ఈ డెల్టాలో నాగలి పట్టినవాడు వేరు, పట్టా ఉన్నవాడు వేరు. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండును. కౌలుక్రింద ఇచ్చు మక్తా బస్తాలు ముందుగ మాటలాడికొని నోటిమాటపై చేను చేయువాడు ఊరిలో ఉండును. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. పత్రముపై సంతకము పెట్టుటకు యజమాని జంకుటచే ఆ హక్కు అనేకులకు అందలేదు. వ్యవసాయమును బోధించు పాఠశాలలో ఈ చట్టము బోధనాంశము కాకపోయిన మరెక్కడ కాగలదు? ఏడాది పంటకు అప్పుతెచ్చి చేయువాని లెక్క, సొంత పొలముగలవాని లెక్క ఒక్కటి కానేకాదు. మూడేండ్లకు ఫలమిచ్చు భూసార సంరక్షణను గూర్చి, మరుసటి యేడు ఆ చేను తనకు ఉండునో లేదో తెలియనివానికి ఉపదేశించిన ఏమి ప్రయోజనము? అట్లే ఊడ్పులు ఊడ్చునది స్త్రీలు, కలుపు తీయునది స్త్రీలు. శిక్షణ సభలలో ముందు వరుస కుర్చీలలో కూర్చుండునది పురుషులు. సెలవుల కాలమున ఈ పాలిటెక్నిక్ తరగతి గదులు తాళము వేసి ఉండుటకు మారుగ, పదిదినముల చదువుగ, పరీక్ష లేని చదువుగ, తెలుగులో, ఆ స్త్రీలకు తెరువవలెను.

నా మాటకు ఒక ఆక్షేపణ కలదు; అది న్యాయమైన ఆక్షేపణయే గనుక దానిని దాటవేయను. పేదవాని బిడ్డను డిప్లొమాతోనే పొలమునకు కట్టివేయుదురా, ఉన్నవాని బిడ్డ మాత్రము శాస్త్రవేత్త కావలెనా అని తలిదండ్రులు అడుగుదురు. అగ్రిసెట్ పరీక్ష ద్వారా డిప్లొమాదారులు బి.యస్సీ. వ్యవసాయములో చేరు త్రోవ కలదు; ఆ త్రోవ మూయవలెనని కలనైనను నేననను, వెడల్పు చేయవలెనందును. 2008లో రాజమహేంద్రవరమున వ్యవసాయ కళాశాల ఏర్పడుటతో ఆ చదువు మన ముంగిటికే వచ్చినది. నా బాధ వేరు. రెండేండ్లు చదివిన బిడ్డ ఆ రెండేండ్లును అగ్రిసెట్ పుస్తకములయందే కన్నులు నిలిపి, దుబ్బు వంచి చూడకయే బయటపడినప్పుడు, సీటు వచ్చినవానికి డిప్లొమా వృథా, రానివానికి డిప్లొమా అవమానము. ఎక్కదలచినవాడు ఎక్కుగాక, నిలువదలచినవానికి నిలుచుటకు చోటుండవలెను. ఆ చోటనగా నెలనెల గౌరవముగ బ్రదుకుటకు చాలు జీతము, విత్తనోత్పత్తికో యంత్రకేంద్రమునకో బ్యాంకు అప్పు, మందుల కొట్టు పెట్టుకొనుటకు లైసెన్సు నిచ్చునప్పుడు ప్రథమ ప్రాధాన్యము. అరువుమీద మందు అమ్ముచున్న కొట్టులోనే చదువుకొన్నవాడు కూర్చుండిన యెడల రైతు పాత కొట్టునకే పోయి కొత్త సలహా వినును.

విశ్వవిద్యాలయమువారు నేడే చేయగల పని ఒకటి కలదు. దీనికి శంకుస్థాపనలు అక్కరలేదు. మార్టేరులో రెండవ యేటి విద్యార్థి ప్రతియొక్కనిని సార్వా ఆరంభమున, నారుమడి నాటినుండి, ఒక కౌలుదారునితో జతచేయవలెను. ఆ చేను కాలువ చివరిభూములలో, మునుగు చేల నడుమ ఉండవలెను. విత్తనము నానబెట్టిన దినము మొదలు ధాన్యపు సొమ్ము రైతు ఖాతాలో పడు దినము వరకు ఆ విద్యార్థి ఖర్చు, నీరు, పురుగు, వాన, మక్తా, తేమ శాతము అన్నియు వ్రాసికొనవలెను. ఆ పుస్తకమునకే సగము మార్కులు వేయవలెను. ఆ పుస్తకములను ప్రక్క ఆవరణలో ఉన్న పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు చదువవలెను, డ్రెయినేజీ శాఖ ఇంజనీర్లు చదువవలెను. మొదటి యేడు నరసాపురము, మొగల్తూరు చివరి ఊళ్ళతో ప్రారంభించి, మరుసటి యేడు గోదావరి దాటి కోనసీమకు పోవచ్చును. మండల వ్యవసాయాధికారులు కౌలుదారుల పేర్లు ఇచ్చుటకు, పంచాయతీలు పిల్లలకు ఆ నాలుగైదు నెలలు బస చూపుటకు అంగీకరించిన చాలును; రానున్న సార్వాకే ఆరంభింపవచ్చును.